పాతికేళ్ల కిందటి విడాకుల డిక్రీ నకలు ఎక్కడ దొరుకుతుంది? పర్లాకిమిడి కేసుకు నా సమాధానం

మీ ప్రశ్న చదివాను. క్లుప్తంగా మళ్లీ చెప్పుకుందాం. మీ అక్కగారికి 1996–97 ప్రాంతంలో విడాకులయ్యాయి. కాపురం ఒడిశాలోని పర్లాకిమిడిలో. నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, 2008లో పోయారు. అమ్మగారు నిరుడు పోయారు. ఇప్పుడు అక్కగారి పేరున కుటుంబ పెన్షను రావాలంటే విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ తెమ్మంటున్నారు. ఇంట్లో కాగితం ముక్క లేదు, కేసు నంబరు తెలియదు, వాదించిన వకీలు లేరు, ఇంటర్నెట్‌లో పేరు కొడితే ఏమీ రాలేదు. మీరంతా విశాఖలో ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను బరంపురం కోర్టుల్లో ముప్పయ్యొక్క ఏళ్లు వకీలు గుమస్తాగా చేశాను. ఒడిశాలో ఈ పని చేసేవాడిని మొహరిర్ అంటారు. వాదించేది వకీలు, కట్టల మధ్య దుమ్ము పీల్చేది మేము.

ముందు సూటిగా జవాబు. డిక్రీ ఇచ్చిన కోర్టు, లేదా ఆ కోర్టు తన పాత కట్టలను పంపిన రికార్డు రూము. ఈ రెండు చోట్ల తప్ప నకలు మరెక్కడా దొరకదు. నంబరు తెలియదు కాబట్టి ముందు పేర్లు, సంవత్సరం ఇచ్చి రిజిస్టర్లు వెతికించమని దరఖాస్తు పెట్టాలి. నంబరు దొరికాక నకలు దరఖాస్తు. మీ అక్కగారు కేసులో కక్షిదారు కనుక ఆవిడ అడిగితే కారణం చెప్పనక్కరలేదు, ఎవరూ కాదనలేరు. నేనే వెళ్లాల్సి వస్తే ముందు పర్లాకిమిడి సివిల్ జడ్జి (సీనియర్ డివిజన్) కోర్టుకు వెళతాను. అక్కడ లేదంటే బరంపురం జిల్లా జడ్జి కోర్టు రికార్డు రూముకు. మున్సిపాలిటీలోనూ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనూ కోర్టు విడాకుల రికార్డు ఉండదు. కలెక్టరాఫీసులో అసలే ఉండదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, గంజాం జిల్లా కలెక్టరాఫీసు ఛత్రపురంలో ఉంది, జిల్లా కోర్టు బరంపురంలో ఉంది. జిల్లా కేంద్రం అన్న మాట పట్టుకుని ఛత్రపురంలో దిగి, ఒక పూట పోగొట్టుకుని బరంపురం వచ్చినవాళ్లను నేను ఎందరినో చూశాను.

పర్లాకిమిడి కేసుకు బరంపురం ఎందుకని అడగవచ్చు. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది. జిల్లా విడిపోయినంత వేగంగా కోర్టులు విడిపోవు. ఆ తర్వాత చాలా కాలం జిల్లా జడ్జి హోదా ‘గంజాం–గజపతి, బరంపురం’ అనే ఉండేది. పర్లాకిమిడిలో సబ్ జడ్జి కోర్టు (ఇప్పటి సీనియర్ డివిజన్ సివిల్ జడ్జి కోర్టు) విన్న కేసు అయితే కట్ట అక్కడే ఉండవచ్చు, బరంపురం చేరి ఉండవచ్చు. కేసును జిల్లా జడ్జి విని ఉంటే బరంపురమే. అదే రోజున రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి కూడా కోరాపుట్ నుంచి విడిపోయాయి. ఆ పాత అవిభక్త జిల్లాకు జిల్లా జడ్జి కూర్చునేది కోరాపుట్‌లో కాదు, జయపురంలో. కాబట్టి రాయగడ, గుణుపురం వైపు తెలుగువాళ్లు పాత కేసు వెతుక్కుంటూ ఉంటే జయపురాన్ని మరిచిపోవద్దు. కుటుంబ న్యాయస్థానాలు తర్వాత వచ్చాయి. అవి వచ్చినప్పుడు నడుస్తున్న కేసులు వాటికి బదిలీ అయ్యాయి గాని, అప్పటికే తీర్పయిన పాత కట్టలు కాదు. మీరు కుటుంబ న్యాయస్థానానికి వెళితే ‘ఇక్కడ లేదు’ అంటారు. వాళ్లు నిజమే చెబుతారు. మీరు దాన్ని ‘ఎక్కడా లేదు’ అని అర్థం చేసుకుని వెనక్కి రాకూడదు, అంతే.

అసలు కేసు ఒడిశాలోనే నడిచిందా? ఈ ప్రశ్న మీరు వేసుకోలేదు. సరిహద్దు సంబంధాల్లో నేను మొట్టమొదట అడిగేది ఇదే. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంత దూరం? పెళ్లి ఆ పక్క, కాపురం ఈ పక్క, పుట్టిల్లు ఇంకో పక్క. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట, ఎదుటి పక్షం నివసించే చోట, లేదా ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట కేసు వేయవచ్చు. భార్య తానున్న ఊళ్లోనే వేసుకోవచ్చన్న వెసులుబాటు 2003 సవరణతో వచ్చింది. మీ అక్కగారి కేసు దానికంటే ముందుది. అంటే ఆవిడ పుట్టింటికి వచ్చి ఉన్నా, కేవలం ఆ కారణంగా అక్కడి కోర్టులో కేసు పడి ఉండదు. పెళ్లి ఎక్కడ జరిగిందో శుభలేఖ చూసి చెప్పండి. పాతపట్నంలోనో టెక్కలిలోనో జరిగి ఉంటే శ్రీకాకుళం జిల్లా కోర్టులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పెళ్లీ కాపురమూ రెండూ పర్లాకిమిడే అయితే వెతికే చోటు ఒక్కసారిగా చిన్నదవుతుంది. 2003 తర్వాతి కేసు వెతికేవాళ్లు మాత్రం భార్య పుట్టింటి ఊరి కోర్టును జాబితాలో పైన రాసుకోవాలి.

ఇప్పుడు నంబరు సంగతి. నకలు తీసుకోవడం చిన్న పని, నంబరు పట్టడమే పెద్ద పని. కోర్టుకు వెళ్లే ముందు ఇంట్లో రెండు సాయంత్రాలు ఖర్చుపెట్టండి. విడాకుల డిక్రీ ఇచ్చినప్పుడు ఇరుపక్షాలకూ చెరో ప్రతి ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టంలోనే ఉంది, 23వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం. కాబట్టి మీ ఇంటికి ఒకప్పుడు ఒక ప్రతి వచ్చే ఉంటుంది. మీ నాన్నగారు ఆశ్రితుల వివరాలు రాసిచ్చినప్పుడు దాని జిరాక్సు ఆఫీసులో జతచేసి ఉండవచ్చు. ఆయన పాత ఫైలులో చూడమని పెన్షను విభాగాన్నే ఒక ఉత్తరంతో అడగండి. మనోవర్తి కేసు ఏదైనా నడిచి ఉంటే ఆ ఉత్తర్వులో విడాకుల కేసు నంబరు తప్పకుండా ప్రస్తావిస్తారు. పోయిన వకీలు గారి జూనియరు ఎవరో, గుమస్తా ఎవరో కనుక్కోండి. వకీళ్లు పోతారు గాని డైరీలు చాలాకాలం అటక మీద ఉంటాయి. మా వకీలు గారు పోయిన పన్నెండేళ్లకు కూడా ఆయన డైరీల్లోంచి నేను నంబర్లు తీసి ఇచ్చాను.

ఏమీ దొరక్కపోతే రిజిస్టర్లే గతి. అప్పుడు అసలు చిక్కు వస్తుంది: పేరు ఎలా రాశారో తెలియాలి. ఒడియా ఉచ్చారణలో ‘వ’ ‘బ’ అవుతుంది, పదం మొదట ‘య’ ‘జ’ అవుతుంది. వరలక్ష్మి బరలక్ష్మిగా, యశోద జశోదగా, సింహాచలం సింఘాచలంగా రిజిస్టరెక్కుతారు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు చివర రాస్తారు. ఇంటిపేరు రెండు ముక్కలైతే ఒక ముక్క ఎగిరిపోతుంది. ఒకసారి ఒక టీచరమ్మ కేసు కోసం ‘వి’ అక్షరం కింద మూడు రోజులు వెతికి, నాలుగో రోజున ‘బి’ కింద అయిదు నిమిషాల్లో పట్టాను. అందుకే వెతికే దరఖాస్తులో భార్యాభర్తల పేర్లు రెండూ, ఒక్కోటి రెండు మూడు రకాల వర్ణక్రమంతో రాయండి. సంవత్సరం కూడా ఒకటే రాయకండి. మీకు గుర్తున్నది తీర్పు వచ్చిన ఏడా, కేసు వేసిన ఏడా? కేసు నంబరు పక్కనుండేది వేసిన ఏడు. నేను చూసిన రికార్డు రూముల్లో కట్టలు కట్టేది తీర్పు వచ్చిన నెలను బట్టి. 1994 నుంచి 1998 వరకు అని రాస్తే రెండూ అందులో పడతాయి. ఏళ్లు పెరిగితే వెతకడానికి రుసుమూ కాస్త పెరుగుతుంది, బాధపడవద్దు.

రిజిస్టరులో ఏ శీర్షిక కింద చూడాలన్నదీ ఊరూరికీ మారుతుంది. ఒడిశా కుటుంబ న్యాయస్థానాల్లో సి.పి. (సివిల్ ప్రొసీడింగ్) అని ఉంటుంది. అవి రాకముందు సబ్ జడ్జి కోర్టుల్లో మాట్రిమోనియల్ కేసు అనో, మామూలు దావాల్లాగే ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్) అనో ఉంటుంది. ఆంధ్రలో ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్), హెచ్.ఎం.ఓ.పి. (హిందూ మ్యారేజ్ ఒరిజినల్ పిటిషన్) అని ఉంటుంది. మీ అక్కగారు ‘ఓ.పి. నంబరు ఏదో ఉండేది’ అని గనుక గుర్తుచేసుకుంటే, నేను పర్లాకిమిడి వదిలేసి ముందు శ్రీకాకుళం బస్సెక్కుతాను.

ఇంటర్నెట్‌లో ఎందుకు రాలేదంటే, ఈ-కోర్టుల ప్రాజెక్టు మొదలైందే 2007లో. అంతకు పదేళ్ల ముందు ముగిసిపోయిన కేసు అందులో కనబడితే అది అదృష్టం, కనబడకపోతే వింత కాదు. కొత్త కేసులకు పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. (కేస్ నంబర్ రికార్డ్) నంబరు ఉంటుంది, అది ఉంటే పని సులువు. అయినా వైవాహిక కేసుల్లో పేర్లు కప్పి ఉంచడం, ఉత్తర్వు తెరుచుకోకపోవడం మామూలే. ఇక సమాచార హక్కు దరఖాస్తు పెట్టమని మీకు ఎవరో సలహా ఇచ్చారని రాశారు. ఆ సలహా పక్కన పెట్టండి. కోర్టు రికార్డు నకళ్లు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని, వాటికి సమాచార హక్కు దారి కాదని గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చింది.

కోర్టులో అడుగుపెట్టాక జరిగేది ఇది. నకళ్ల విభాగం ఎక్కడని అడగండి. ‘నకల్’ అంటే ఒడియాలోనూ మరాఠీలోనూ చెల్లుతుంది, మనకూ నకలే. (నకిలీ అని మాత్రం నోరుజారకండి, అక్కడా ఆ అర్థమే.) అచ్చు దరఖాస్తు మీద కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వాలి. ఆంధ్ర స్టాంపులు ఒడిశాలో చెల్లవు. ఇచ్ఛాపురంలో కొని పట్టుకొచ్చినవాళ్లు బరంపురంలో మళ్లీ కొన్నారు. దరఖాస్తు ఇచ్చాక రికార్డు తెప్పించి, ఎన్ని కాగితాలో లెక్కగట్టి, ఇంకా ఎంత స్టాంపు కావాలో నోటీసు బోర్డు మీద పెడతారు. దూరపువాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మీకు ఫోను చేసి ఎవరూ చెప్పరు. గడువులోగా ఆ మిగతా స్టాంపు కట్టకపోతే దరఖాస్తు మూలనపడుతుంది, మళ్లీ మొదటికి. విశాఖ నుంచి రోజూ వచ్చి బోర్డు చూడలేరు కనుక స్థానికంగా ఒక వకీలుకు వకాల్తా ఇచ్చి, ఆయన మొహరిర్ చేత చూపించుకోవడమే మేలు. మా వృత్తి అని చెప్పడం లేదు. నిజంగా అయ్యే స్టాంపు ఖర్చు కన్నా మీ రెండోసారి రైలు టికెట్టే ఎక్కువ.

అయితే కోర్టు గేటు దగ్గర ‘సాయంత్రానికి ఇప్పిస్తాను’ అనేవాడికి డబ్బు ఇవ్వకండి. ఒక కోర్టు దగ్గర అలాంటివాడు అమ్మిన డిక్రీ నా చేతికి వచ్చింది. ముద్ర బాగానే ఉంది, కేసు నంబరు మాత్రం ఎవరిదో ఆస్తి దావాది. అసలు సర్టిఫైడ్ కాపీ ఎలా గుర్తుపట్టాలంటే, వెనక తేదీల వరస ఉంటుంది: దరఖాస్తు ఇచ్చిన రోజు, స్టాంపులు కావాలని తెలిపిన రోజు, అవి కట్టిన రోజు, నకలు సిద్ధమైన రోజు, చేతికిచ్చిన రోజు. ఆ తేదీలు అలంకారానికి కాదు. అప్పీలు వేసేవాళ్లకు నకలు కోసం పట్టిన రోజులు గడువులోంచి తీసివేస్తారు, ఆ లెక్క దీన్ని బట్టే.

వెళ్లే ముందు ఆ జిల్లా కోర్టు సెలవుల జాబితా చూసుకోండి. మన క్యాలెండరు అక్కడ పనికిరాదు. జూన్‌లో రజ పండుగకు వెళ్లి గేటుకు తాళం చూసి వచ్చినవాళ్లున్నారు.

ఏమేం అడగాలి? డిక్రీ ఒక్కటే అడిగి రాకండి. తీర్పు వేరు, డిక్రీ వేరు. తీర్పులో కారణాలుంటాయి, డిక్రీ చివరి ఫలితాన్ని చెప్పే చిన్న కాగితం. రెండూ అడగండి. వాటితో పాటు అసలు పిటిషను నకలు కూడా అడగండి. ఇది పెన్షను కోసం. విడాకులు పొందిన కూతురి కుటుంబ పెన్షను విషయంలో కేంద్రం 2017 జులై 19న ఒక ఉత్తర్వు ఇచ్చింది. తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికుండగానే విడాకుల కేసు వేసి ఉంటే, డిక్రీ వాళ్లు పోయాక వచ్చినా కూతురికి అర్హత ఉంటుందని దాని సారం. మీ అక్కగారి డిక్రీ ఇద్దరూ ఉండగానే వచ్చింది కాబట్టి ఆ చిక్కు లేదు. అయినా తేదీ విషయంలో ఏ గుమస్తాకో సందేహం రావచ్చు, పిటిషను మీద కోర్టు వేసిన దాఖలు ముద్ర దాన్ని ఒక్క దెబ్బతో తీరుస్తుంది. నాకు తెలిసిన ఒకావిడకు తల్లి పోయిన ఏడు నెలలకు డిక్రీ వచ్చింది. మొదట పెన్షను కుదరదన్నారు. తల్లి పోవడానికి రెండేళ్ల ముందు వేసిన పిటిషను నకలు పెట్టాక వచ్చింది. డిక్రీ కోసం మాత్రమే దరఖాస్తు పెట్టి ఉంటే ఆవిడ మళ్లీ కోర్టుకు తిరగాల్సి వచ్చేది.

పిటిషను ఇప్పుడే అడగమనడానికి ఇంకో కారణం ఉంది. పాత కట్టలో అన్ని కాగితాలకూ ఒకే ఆయుష్షు ఉండదు. తీర్పు, డిక్రీ ఎక్కువ కాలం ఉంచుతారు. సమన్లు, వాయిదా అర్జీలు వంటివి ముందే తీసి ధ్వంసం చేస్తారు. పెళ్లి ఫొటోలు, శుభలేఖ వంటి అసలు సాక్ష్యాలు అప్పట్లో వెనక్కి తీసుకోకపోతే ఇప్పుడు ఆశ పెట్టుకోవద్దు.

మరి కట్టే దొరక్కపోతే? దొరక్కపోవడమూ జరుగుతుంది. చెదలు, కారే కప్పు, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి మార్పు. ఫైలిన్ తుపాను తర్వాత తడిసిన కట్టలను ఎండలో పేర్చి ఆరబెట్టడం నేను కళ్లారా చూశాను. 2018 తిత్లీ గజపతిని ఎలా కొట్టిందో మీకు చెప్పనక్కరలేదు. అప్పుడు ‘లేదు’ అన్న నోటిమాట తీసుకుని రాకండి. రికార్డు దొరకలేదని, లేదా ఫలానా తేదీన ధ్వంసమైందని రాతపూర్వకంగా తీసుకోండి, దావా రిజిస్టరులో ఆ కేసు వరుసకు సర్టిఫైడ్ నకలు అడగండి. రిజిస్టరులో నంబరు, పక్షాల పేర్లు, ఫలితం, తేదీ ఉంటాయి. ఆ ఒక్క వరుసతో పని జరిగిన సందర్భాలున్నాయి. జరగకపోతే, చేతిలో ఉన్న జిరాక్సులు, అవతలి పక్షం దగ్గరున్న ప్రతి ఆధారంగా రికార్డును పునర్నిర్మించమని ఆ కోర్టులోనే అర్జీ పెట్టాలి. దానికి మాత్రం వకీలు కావాలి.

ఒక హెచ్చరిక, పెన్షనుకు కాకుండా రెండో పెళ్లికి డిక్రీ వెతికేవాళ్లకు. పాత డిక్రీ చేతిలో ఉన్నంత మాత్రాన అది నిలిచి ఉందని కాదు. ఒక కుర్రవాడు ఎక్స్‌పార్టీ డిక్రీ (అవతలి పక్షం హాజరు కాకుండానే ఇచ్చినది) నకలు చూపించి సంబంధం కుదుర్చుకున్నాడు. పిల్ల తరఫువాళ్లు నన్ను అడిగితే రిజిస్టరు చూశాను. ఆ డిక్రీని మొదటి భార్య అర్జీ మీద కోర్టు ఎప్పుడో రద్దు చేసి, కేసు మళ్లీ విచారణకు పెట్టింది. నకలు అసలుదే, అబద్ధం కాదు, కాని కాలం చెల్లింది. అందుకే ఈ మధ్య తీసుకున్న నకలే చూడాలి. అప్పీలు ఏదైనా కటక్ హైకోర్టులో ఉందేమో కూడా చూడాలి.

ఇక్కడే ఇంకొకరు కాబోయే అల్లుడి విడాకుల కాగితాలు తామే తీసుకోవచ్చా అని అడిగారు. మూడో మనిషి కారణం చూపించి ప్రమాణపత్రంతో దరఖాస్తు పెట్టాలి, ఇవ్వడం ఇవ్వకపోవడం కోర్టు ఇష్టం. వైవాహిక కేసులు రహస్యంగా విచారించాలని, ఆ వివరాలు ప్రచురిస్తే వెయ్యి రూపాయల వరకు జరిమానా అని హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. ఆ అబ్బాయినే నకలు తెమ్మనండి. తేనంటే మీకు జవాబు దొరికినట్టే.

గజపతి కొండ ప్రాంతంలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక ఒక మాట. 2001 సవరణకు ముందు క్రైస్తవుల విడాకుల డిక్రీని జిల్లా కోర్టు ఇచ్చినా హైకోర్టు ఖాయం చేయాల్సి ఉండేది. ఆ కాలపు కేసుకు కటక్ కాగితం కూడా కావాలి. కులపెద్దల ముందు స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకులైతే ఏ కోర్టులోనూ నకలు ఉండదు. మీ అక్కగారికి కోర్టు మెట్లెక్కిన జ్ఞాపకం ఉందో లేదో ఒకసారి గట్టిగా అడగండి. ఈ ప్రశ్న అడగక ఆరు నెలలు వెతికిన కుటుంబం నాకు తెలుసు.

మహారాష్ట్ర వైపు తెలుగువాళ్లకూ ఒక మాట. ఆ సరిహద్దు నాకు అంతగా తెలియదు, రెండు మూడుసార్లు వెళ్లిన అనుభవమే. సిరోంచ వైపు పాత కేసులకు ఇదే తర్కం: గడ్చిరోలి 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి విడిపోయింది, అంతకు ముందువి చంద్రపూర్‌లో అడగాలి. కుటుంబ న్యాయస్థానం లేని చోట విడాకుల కేసు సీనియర్ డివిజన్ సివిల్ జడ్జి దగ్గర హెచ్.ఎం.పి. (హిందూ మ్యారేజ్ పిటిషన్) అన్న పేరుతో ఉంటుంది. స్త్రీ పేరు మధ్యలో భర్త పేరు చేర్చి రాస్తారు, దాని ప్రకారం వెతికించండి. తీర్పు మరాఠీలో ఉండవచ్చు, అనువాదానికి వేరే ఖర్చు పెట్టుకోండి. ఒడిశాలో నా చేతికి వచ్చిన తీర్పులు దాదాపు అన్నీ ఇంగ్లీషువే, సాక్షుల వాంగ్మూలాలే ఒడియాలో ఉండేవి. కాబట్టి మీకు ఆ బాధ ఉండకపోవచ్చు.

వెళ్లేటప్పుడు అక్కగారి ఆధార్, పెళ్లికి ముందు పేరున్న చదువు సర్టిఫికెట్టు, ఆవిడ రాలేకపోతే సంతకం చేసిన వకాల్తా పట్టుకెళ్లండి. మీరు తోబుట్టువు అయినా కోర్టు లెక్కలో మూడో మనిషే. పెళ్లి జరిగిన ఊరు, కేసు వేసింది అక్కగారా బావగారా, ఈ రెండూ కనుక్కుని ఇక్కడ రాయండి. పర్లాకిమిడికి టికెట్టు కొనాలో శ్రీకాకుళానికి కొనాలో అప్పుడు చెబుతాను.